పాఠ్యప్రణాళికయు దాని ప్రయోజనమును

ఉపాధ్యాయుడు చేయు పనులలో ఎక్కువ శ్రమతో జరుగుచు తక్కువ ఫలము నిచ్చుపని యేదియని నన్నెవరైన అడిగినచో, పాఠ్యప్రణాళిక వ్రాయుటయని చెప్పుదును. ఇరువది యేండ్లుగా నేనును ఈ పుస్తకములను వ్రాసి, పై యధికారులచేత సంతకములు చేయించుకొన్నవాడనే గనుక ఇది పరనింద కాదు, ఆత్మవిమర్శము. గీతలు గీసిన పట్టికలు. వానిలో ఉద్దేశములు, ఉపకరణములు, ప్రేరణ, బోధన, పునశ్చరణ, మూల్యాంకనము అను శీర్షికలు. ఒక్కొక్క శీర్షికక్రింద నిరుడు వ్రాసిన వాక్యములే మరల ఈ యేడును. ఇదియే మన ప్రణాళికల సామాన్యస్వరూపము. ఇప్పుడు సిద్ధముగా వ్రాసిన ప్రణాళికలు చేతిఫోనులలో ఒకరినుండి యొకరికి చేరుచున్నవి. ఊరు మాఱినను, బిడ్డలు మాఱినను ప్రణాళిక మాత్రము మాఱదు. వైద్యుడు రోగి ముఖమైన చూడకమునుపే మందుచీటి వ్రాసియుంచినచో మనము ఊరకుందుమా?

ఇది ఉపాధ్యాయుల యింటిగొడవ యని చదువరులు పుట త్రిప్పవలదు. సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను తల్లి "ఈ దినము ఏమి చెప్పినారు?" అని అడుగును. బిడ్డ పుస్తకము తెఱచి, పాఠము పేరు చూపును. "నీకేమి తెలిసినది?" అని అడిగినచో మౌనము వహించును. ఈ రెండు ప్రశ్నలకు నడుమనున్న అగాధమే నేడు నేను విమర్శింపబూనిన విషయము.

ప్రణాళికయే అక్కఱలేదని నా వాదము కాదు. "సమర్థుడైన గురువునకు ముందుగా వ్రాసికొన బనిలేదు, నోరు తెఱచిన చాలును" అను గర్వోక్తిని నేను పలుమాఱులు వినియున్నాను. అట్టివారి పాఠములను గూడ వినియున్నాను. తమకు తెలిసినదంతయు చెప్పుటయే పాఠమని వారు భ్రమపడుదురు. 45 నిమిషముల కాలములో ముప్పదియైదు నిమిషములు పీఠికకే వ్యయమగును. గంట మ్రోగువేళకు అసలు విషయము గడపదగ్గఱనే నిలిచియుండును. ఏర్పాటులేని పాఠమువలన నష్టపోవువారు మందబుద్ధులైన బిడ్డలే. తెలివిగలవారు ఎట్లో ఒకట్లు గట్టెక్కుదురు.

కావున ప్రణాళిక వలయును. అయితే దేనికొఱకు? ఈ ప్రశ్నకు ఉత్తరము మఱచినందువలననే మన పుస్తకములు నిర్జీవములైనవి.

నేటి ప్రణాళికల మూలమును వెదకినచో, జర్మను తత్త్వవేత్తయగు హెర్బార్టు కడకు పోవలసియుండును. ఆయన 1776లో పుట్టి 1841లో గతించెను. క్రొత్తవిషయము మనస్సున నిలువవలెనన్న అక్కడ అంతకుమునుపే యున్న భావములతో సంబంధము కుదురవలెనని ఆయన సిద్ధాంతము. ఆయన చెప్పిన క్రమమునకు నాలుగు మెట్లు మాత్రమే కలవు. ఆయన యనంతరమున జిల్లరు, రైను మొదలగు శిష్యపరంపరవారు దానిని ఐదు మెట్లుగా విస్తరించిరి: సన్నాహము, విషయప్రదర్శనము, పోలిక, సామాన్యసూత్రము, ప్రయోగము. ఉపాధ్యాయశిక్షణాలయముల మూలమున ఈ సోపానములు దేశదేశములకు వ్యాపించి మనకును సంక్రమించినవి. తరువాత పేర్లు ఎన్నియో మాఱినవి, పట్టిక మాత్రము మిగిలినది.

ఇందులో గమనింపదగిన వింత యొకటి కలదు. మొదటిమెట్టగు సన్నాహమే హెర్బార్టు సిద్ధాంతమునకు ప్రాణము. బిడ్డకు ఇదివఱకు ఏమి తెలియును అని విచారించుట దాని యర్థము. మన పుస్తకములలో అది "ప్రేరణ: చిత్రమును చూపి ప్రశ్నలడుగుట" అను ఒక్క పంక్తిగా కుదించుకొనిపోయినది. విచారణ పోయి చిత్రము మిగిలెను.

మన సంస్కృతశాస్త్రకారులును ఈ విషయమున ఏమఱియుండలేదు. ఏ శాస్త్రమైన ఆరంభింపబోవునపుడు అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నాలుగింటిని నిరూపింపవలెనని వారి నియమము. దీనికి అనుబంధచతుష్టయమని పేరు. చదువబోవువాడెవడు, చదువదగినదేమి, వీనికి గల సంబంధమెట్టిది, చదివినందువలన కలుగు ఫలమేమి - ఇవియే ఆ నాలుగు ప్రశ్నలు. ఇందు అధికారిని మొదట పేర్కొనుట సాభిప్రాయము. ఇట అధికారి యనగా సంతకముచేయు దొరగారు కాదు; చదువుకొనుటకు అర్హతగల శిష్యుడు. మన ప్రణాళికలు మొదటి యర్థమును పట్టుకొని రెండవదానిని విడిచినవి!

ఇక నా యనుభవము నొకదానిని చెప్పెదను. కొన్నియేండ్లక్రిందట నెల్లూరుజిల్లా సముద్రతీరమున ఒక పల్లెలో నేను పనిచేయుచుంటిని. బడిలో కూర్చుండిన కెరటముల హోరు వినబడును. పిల్లలలో సగముమంది చేపలుపట్టువారి బిడ్డలు. ఒకదినమున సముద్రపు ఆటుపోటులనుగూర్చిన పాఠము నావంతు వచ్చెను. ప్రణాళికను నిర్దుష్టముగా వ్రాసితిని. ప్రేరణక్రింద "సముద్రము బొమ్మను చూపి, ఇది యేమి అని అడుగుట" అని వ్రాసితిని. అట్లే బొమ్మను గోడకు తగిలించి అడిగితిని. పిల్లలు ఒకరిమొగము ఒకరు చూచుకొని నవ్విరి. కిటికీకి వెలుపల సముద్రమే యుండగా అయ్యవారు కాగితము చూపుచున్నాడేమియని వారి నవ్వు. నేను దానిని అల్లరియనుకొని గద్దించితిని.

తరువాత "సముద్రమునకు దినమునకు రెండుమాఱులు పోటు వచ్చును" అని నల్లబల్లపై వ్రాసితిని. వెనుకవరుసలోనుండి ఒక బాలుడు లేచెను.

"దినమూ ఒకే పొద్దుకు రాదు అయ్యోరా. ఈ పొద్దు వచ్చినదానికంటే రేపు కొంచెం ఆలస్యంగా వస్తది. మా నాయన లెక్క పెట్టుకోనే ఉప్పుటేట్లో పడవ దించేది" అనెను.

"కూర్చో అబ్బయ్యా, అది మన పాఠములో లేదు" అంటిని.

వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు వాడు మరల లేచి మాటాడినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆ దినమున పాఠము చూడవచ్చిన అధికారి నా పుస్తకముపై "బాగుగా నున్నది" అని వ్రాసి సంతకముచేసెను. ఆ సంతకము నాయొద్ద ఇప్పటికిని కలదు. దానిని చూచినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగును.

ఏలయన, ఆ బాలుడు చెప్పినదే శాస్త్రము. ఒక పోటునకును మఱియొక పోటునకును నడుమ సగటున 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి పోటుకంటె రేపటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. భూమి ఒకమాఱు తనచుట్టు తాను తిరుగులోపల చంద్రుడును తన మార్గమున కొంత ముందునకు సాగును. మనయూరు మరల చంద్రునికి ఎదురుగా వచ్చుటకు భూమి ఇంకను కొంతసేపు తిరుగవలసియుండును. ఆ కొంతసేపే ఈ 50 నిమిషములు. చంద్రునకును సముద్రమునకును గల బంధమునకు ఇంతకంటె చక్కని నిదర్శనము వేఱొకటి లేదు. ఆ నిదర్శనము తనంతట తాను లేచి నిలువబడగా నేను దానిని కూర్చుండబెట్టితిని. నా ప్రణాళికలో విషయము కలదు, అధికారి లేడు; వారిని కలుపు సంబంధము ఎట్లుండగలదు?

ఇట్లు చెడిన పాఠమునకు ప్రక్కన ఫలించిన పాఠము నొకదానిని పెట్టి చూచిననేగాని విమర్శ పూర్తికాదు. అట్టి పాఠము మా జిల్లాలోనే కలదు. అది పిల్లలబడిలోనిది కాదు, వయోజనుల రాత్రిబడిలోనిది.

భారతప్రభుత్వము 1988లో జాతీయ అక్షరాస్యతా ఉద్యమమును ఆరంభించెను. దానిలోభాగముగ నెల్లూరుజిల్లాలో 1991లో అక్షరదీపమను పేర పెద్దయెత్తున రాత్రిబడులు నడచినవి. పగలెల్ల కూలికిపోయి వచ్చిన స్త్రీలు లాంతరు వెలుతురున కూర్చుండి అక్షరములు దిద్దిరి. వారికొఱకు కూర్చిన వాచకములలో సీతమ్మకథ యను పాఠము ఒకటి కలదు. సారాయివలన సంసారములకు కలుగు కీడు దాని యితివృత్తము. సముద్రతీరమునకు పడమరగా మెట్టసీమలోనున్న దూబగుంటయను గ్రామమున ఈ పాఠము చదువుకొన్న స్త్రీలు దానినిగూర్చి తమలో తాము మాటాడుకొనిరి. ఊరిలోని సారాయి దుకాణమును మూయించిరి. వారిలో రోశమ్మ పేరు తరువాత రాష్ట్రమంతట ప్రసిద్ధమైనది. పిమ్మట ఏమిజరిగెనో పలువురెఱుగుదురు. ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1992లో స్త్రీల ప్రతిఘటనవలన మా జిల్లాలో సారాయి వేలముపాటలు వాయిదాపడెను. 1993 ఏప్రిల్ 15 మొదలు నెల్లూరుజిల్లాలోను, అదేయేడు అక్టోబరు 1 మొదలు రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

ఒక పాఠము ఇంతపని చేసెనా యని సంశయించువారు కలరు. వారి సంశయము న్యాయమైనదే. పాఠముకంటె ముందే ఆ యిండ్లలో దుఃఖము కలదు, కూలిడబ్బు దుకాణము పాలగుట కలదు, దెబ్బలు కలవు. పాఠము అగ్నిని సృష్టింపలేదు. అయినను ఒక్కొక్క యింట వేఱువేఱుగ నివురుగప్పియున్న నిప్పును ఒక్కచోట చేర్చినది. ఒకతె తన యింటి రహస్యమనుకొన్న దుఃఖము అచ్చుపుస్తకములో కనబడగానే, అది తన నుదుటివ్రాత కాదని, ఊరందఱి సమస్యయని తెలిసికొనెను. రాత్రిబడిలో వారందఱు ఒక్కచోట కూర్చుండుటవలన, తెలిసినదానిని ఒకరితో ఒకరు చెప్పుకొనుటకు తావుదొరకెను. ఇక్కడ అధికారి యెవరో పాఠకర్తలకు తెలియును, విషయము ఆ యధికారి జీవితమునుండియే పుట్టినది, సంబంధమును వెదుకబనిలేదు, ప్రయోజనము మఱునాటి యుదయముననే ఎదుట నిలిచినది.

ఇట్టి పద్ధతి మనకే ప్రత్యేకము కాదు. బ్రెజిలు దేశమున పౌలో ఫ్రెయిరీ యను విద్యావేత్త 1963లో ఆంజీకోసు అను ఊరిలో సుమారు 300 మంది శ్రామికులకు చదువునేర్పెను. మొదట వారి సంభాషణములను విని, వారి బ్రదుకులో బరువుగల పదములను ఏరి, ఆ పదములనుండియే అక్షరములను నేర్పుట ఆయన క్రమము. ఇటుకలు మోయువానికి ఇటుక యను పదము బొమ్మ చూపకయే అర్థమగును. పాఠము చెప్పుటకు ముందు వినుట ఆయన ప్రణాళికలోని మొదటిపని.

అయితే సీతమ్మకథకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించునది దాని తరువాతి పాఠము. దూబగుంట స్త్రీలు చేసిన పనియే "ఆడవాళ్లు ఏకమైతే" అను పేర, అక్షరములు నేర్చినవారు మీదట చదువుకొను వాచకములో పాఠముగా వచ్చెను. దానిని చదివి ఇతరగ్రామముల స్త్రీలు మేల్కొనిరి. చదువరులు ఇచట క్షణము నిలిచి ఆలోచింపవలెను. మొదటిపాఠమును పండితులు వ్రాసిరి. రెండవపాఠమును, కలము పట్టినవారెవరైనను, నిజముగా వ్రాసినవారు శిష్యురాండ్రే. శిష్యులు చేసినపని ప్రణాళికలోనికి ప్రవేశించి, తరువాతి పాఠమును మార్చినది. పాఠము ఫలించినదనుటకు ఇంతకంటె దృఢమైన గుర్తు నాకు కనబడదు. మంచి ప్రణాళిక తనలో లేనిది బిడ్డనోట వినబడినప్పుడు చోటిచ్చును. చెడ్డప్రణాళిక "అది మన పాఠములో లేదు" అనును.

ఇక్కడ ఒక యాక్షేపము రాగలదు: "ఇది విద్యయా, ప్రచారమా?" ఫలానిపని చేయుడని ఆజ్ఞాపించి, చేయించి, అదే విద్యయనుట న్యాయము కాదు. కాని ఇచట దుకాణము మూయించుటకు ముందు స్త్రీలు తమలో తాము చర్చించుకొనిరి, నిర్ణయము వారిది. విచిత్రమేమనగా, వాచకము వేయించినదియు, సారాయివేలములపై రాబడి తీసికొన్నదియు ఒకే ప్రభుత్వము. అట్టి పని చేయుడని ఆ ప్రభుత్వము వారిని నియోగించియుండునా? పాఠము తన్ను వ్రాయించినవారి యుద్దేశమునే దాటి నడచినది. ప్రచారమునకు ఆ శక్తి లేదు. అది గీచిన గీతవఱకే పోవును.

కాబట్టి ప్రతిపాఠము ఒక ఉద్యమము కావలెనని నేను చెప్పను. వ్యాకరణసంధులు చెప్పినందున ఏ దుకాణమును మూతపడదు. కాని సూత్రము చిన్నపాఠమునకును ఒక్కటే. నా మట్టునకు నేను ఈ క్రింది రీతిని అవలంబించుచున్నాను. తోడి ఉపాధ్యాయులు పరీక్షించి చూతురుగాక.

పాఠమునకు ముందుదినమున, చివరి 5 నిమిషములలో, రేపటి విషయమునుగూర్చి ఒక్క ప్రశ్న అడిగి, పిల్లలు చెప్పినదానిని దిద్దకయే వ్రాసికొందును. తప్పుగా చెప్పినదియు నాకు సొమ్మే. పాదు ఎక్కడ త్రవ్వవలెనో అది చూపును. ఆ రాత్రి ప్రణాళిక వ్రాయునపుడు ఉద్దేశములు పది వ్రాయక ఒక్కటే వ్రాయుదును: పాఠమైనపిమ్మట బిడ్డ ఇంతకుమునుపు చేయలేని ఏ పనిని చేయగలడు? "తెలిసికొనును", "గ్రహించును" అను క్రియలను వాడను. అవి కంటికి కనబడవు. "లెక్కకట్టును", "వాదించును", "తనమాటలలో తల్లికి చెప్పును" అనునవి కనబడును. పిదప 45 నిమిషములను పంచునపుడు నేను మాటాడు కాలమును సగమునకు మించనీయను. పుస్తకములో కుడిపుటయందు ప్రణాళిక, ఎడమపుట ఖాళీ. పాఠమైనపిమ్మట బిడ్డలు అడిగినదియు, నేననుకొననిదియు ఆ యెడమపుటకెక్కును. మఱునాటి పాఠము అచటనుండి మొదలగును.

ఆటుపోటుల పాఠమును మఱికొన్నియేండ్లకు ఇంకొక తరగతికి ఈ రీతిని చెప్పితిని. గోడకు బొమ్మ తగిలింపలేదు. ఉప్పుటేటి గట్టున ఒక గుంజను పాతి, పొద్దున పోటునీరు గుంజను ఎక్కిన వేళను పదిదినములు వ్రాసికొని రమ్మంటిని. పడవలవారి బిడ్డలు గురువులైరి, తక్కినవారు శిష్యులైరి. పదవదినమున పట్టికను బల్లపై వ్రాయగా, కాలము దినదినమును వెనుకకు జరుగుట అందఱికిని కనబడెను. ఒక్కొక్కదినమున నలువది నిమిషములు, ఒక్కొక్కదినమున గంట. సగటు కట్టినవారు వారే. "చంద్రుడుకూడ అట్లే ఆలస్యంగా లేస్తాడు గదా అయ్యోరా" అని ఒక బాలిక యనెను. ఆ వాక్యము నా ప్రణాళికలో చివర చెప్పవలసినదిగా వ్రాసికొన్న వాక్యము. ఆమె చెప్పినందున నేను చెప్పబనిలేకపోయెను.

తరగతిలో అఱువదిమంది యున్నారు, పరీక్షలు నెత్తిమీదనున్నవి, పాఠ్యభాగము పూర్తిచేయుమని ఆజ్ఞలున్నవి. ఇంత విచారణకు తీఱిక యెక్కడిది అందురు. నిజమే. నేనును ప్రతిపాఠమును ఇట్లు చెప్పలేను. వారమునకు రెండు కుదిరిన సంతోషింతును. కాని పట్టికలు నింపుటకు మనము వెచ్చించు గంటలలో సగము ఈ విచారణకు వెచ్చించినచో తీఱిక లేదనుమాట సగము తగ్గును. అధికారులకును ఒక మనవి. ప్రణాళికపై సంతకము చేయుటకు ముందు ఎడమపుటను చూడుడు. అది తెల్లగానున్నచో, కుడిపుట ఎంత ముద్దుగానున్నను పాఠము జరుగలేదని గ్రహింపుడు.

గృహస్థులకు చెప్పవలసినది ఒక్కటే. సాయంకాలము బిడ్డను "ఏమి చెప్పినారు?" అని అడుగుటకు మాఱుగా "నీవేమి అడిగితివి?" అని అడుగుడు. ఏమియు అడుగలేదని పదిదినములు వరుసగా ఉత్తరము వచ్చినచో, కోపింపక, బడికి వచ్చి ఉపాధ్యాయునితో నెమ్మదిగా మాటాడుడు. నన్ను ఆనాడు ఎవరైన అట్లు వచ్చి అడిగియున్నచో, వెనుకవరుసలోని ఆ బాలుడు మఱునాడు మరల లేచియుండును.